చూసేవాళ్ల దగ్గరే అసలు పని

పిల్లలు ఒకర్నొకరు ఏడిపించుకుంటున్నారని ఫిర్యాదు వస్తే మా స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. ఇద్దర్నీ హెచ్.ఎం. గదికి పిలిపించడం, ఏడిపించినవాడితో సారీ చెప్పించడం, చేతులు కలిపించడం, "ఇకనుంచి ఫ్రెండ్స్‌లా ఉండండి" అని పంపించేయడం. మొత్తం ఐదు నిమిషాల పని. ఆ సారీ చెప్పినవాడు వరండా చివరికి వెళ్లాక ఏం చేస్తాడో ఎవరూ చూసేవాళ్లు కాదు. మళ్లీ ఫిర్యాదు రాకపోతే సమస్య తీరినట్టే లెక్క.

ఈ పద్ధతి మారడానికి కారణం ఒక తల్లి. ఆవిడ కొడుకు ఏడో తరగతి. సోమవారం పొద్దున లేస్తూనే కడుపునొప్పి అంటాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. సెలవు రోజున నొప్పి ఉండదు. స్కూల్ నుంచి ఇంటికి రాగానే బ్యాగు కూడా తియ్యకుండా బాత్రూమ్‌కి పరుగెత్తుతాడు. ఆవిడ ఈ రెండూ కలిపి చూసుకుంది. పిల్లాడు రోజంతా స్కూల్లో బాత్రూమ్‌కే వెళ్లడం లేదు. ఆ సంగతంతా చెప్పి, "మళ్లీ సారీ మాత్రం చెప్పించకండి మేడమ్, పోయినసారి అది చెప్పించాకే ఎక్కువైంది" అంది. హెచ్.ఎం. మేడమ్‌కి ఆ మాట బాగా గుచ్చుకున్నట్టుంది. కొద్ది రోజుల్లోనే ఒక కమిటీ పుట్టింది. సర్వే చేస్తే లెక్క కట్టాలి కదా అని లెక్కల టీచర్నైన నా నెత్తిన పెట్టారు.

నాకు ఈ విషయంలో శిక్షణ ఏమీ లేదు, చదువుకుంటూ పోయాను. అందరూ చివరికి ప్రస్తావించే పేరు డాన్ ఓల్వేయస్, నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1982 చివర్లో అక్కడ ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే కారణమై ఉంటాయన్న వార్త దేశాన్ని కుదిపేసింది. 1983లో ప్రభుత్వం దేశమంతటా స్కూళ్లలో దీని మీద కార్యక్రమం మొదలుపెట్టింది, ఓల్వేయస్ తన పద్ధతిని బెర్గెన్ నగరంలోని స్కూళ్లలో పరీక్షించారు. ఆయన పెట్టిన కొలతలు మూడు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఉండటం. ఈ మూడోది నాకు బాగా పనికొచ్చింది. సమ ఉజ్జీలు కొట్టుకుంటే కూర్చోబెట్టి రాజీ చేయొచ్చు. ఒకడి వెనక పదిమంది ఉండి, రెండోవాడి వెనక ఎవరూ లేనప్పుడు రాజీ అంటే ఆ రెండోవాడు మళ్లీ తలొంచడమే. మా పాత పద్ధతి ఎందుకు వికటించిందో స్టాఫ్ మీటింగ్‌లో వివరించడానికి ఇంతకన్నా ఎక్కువ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మొదట సర్వే. పేర్లు రాయకూడదు, టిక్కులే పెట్టాలి. పేపర్ పైభాగంలోనే ఏడిపించడం అంటే ఏమిటో నాలుగు వాక్యాల్లో రాసి చదివి వినిపించాం. లేకపోతే ఒకడు ఆటలో తోపులాటని లెక్కేస్తాడు, ఇంకొకడు రోజూ తగిలే తన్నుల్ని కూడా సరదా అనుకుని వదిలేస్తాడు. "ఎప్పుడైనా" అని కాకుండా "గత రెండు నెలల్లో" అని అడిగాం. ఎక్కడ జరిగింది, ఎవరికైనా చెప్పావా, చెబితే ఏమైంది, నువ్వు చూసినప్పుడు ఏం చేశావు అన్నవి మిగతా ప్రశ్నలు.

ఇందులో ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటుంది. ఏమీ జరగని పిల్లాడు అర నిమిషంలో పేపర్ తిరగేసి కూర్చుంటాడు. జరిగినవాడు రాస్తూనే ఉంటాడు. పక్కవాడికి అర్థం కావడానికి అది చాలు. అందుకే స్కూల్లో నీకు నచ్చిన చోటు, నచ్చని చోటు, ఇష్టమైన పీరియడ్ లాంటి ప్రశ్నలు కలిపి, అందరి పెన్నూ ఇంచుమించు ఒకేసేపు కదిలేలా చూశాం. ఏ క్లాస్ టీచరూ తన క్లాసులో పేపర్లు పంచకుండా మార్చాం. చేతికి తీసుకోకుండా మూత ఉన్న అట్టపెట్టెలో వేయించాం. పిల్లలు టీచర్ చేతిరాతను గుర్తుపట్టినట్టే టీచర్లూ పిల్లల చేతిరాతను గుర్తుపడతారు. ఆ భయం పోగొట్టకపోతే వచ్చే సమాధానాలన్నీ "అంతా బాగుంది" అనే ఉంటాయి.

పేపర్లు తెరిచాక స్టాఫ్ రూమ్‌లో మొదట వినిపించిన మాట, "పిల్లలు ఎక్కువ చేసి రాస్తారండీ". యునెస్కో 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ముగ్గురు పిల్లల్లో ఒకరు, గడిచిన నెలలో కనీసం ఒకసారి ఇలాంటిది ఎదుర్కొన్నారు. మన స్కూల్ ఒక్కటీ దీనికి అతీతమా అని అడిగితే ఎవరూ మాట్లాడలేదు.

మేం అనుకున్నదొకటి, పేపర్లలో ఉన్నదొకటి. గ్రౌండ్‌లో గొడవలని మా అందరి ఊహ. పిల్లలు గుర్తు పెట్టింది మంచినీళ్ల కుళాయిల దగ్గర, బాత్రూమ్ బయటి సందులో, మెట్ల మలుపులో, స్కూల్ బస్సు వెనక సీట్లలో. సమయం కూడా ఇంటర్వెల్ మధ్యలో కాదు. బెల్లు కొట్టాక టీచర్ క్లాసులోకి వచ్చేలోపు ఉండే ఆ నాలుగైదు నిమిషాలు. అంటే మేం స్టాఫ్ రూమ్‌లో ఒక పుస్తకం పెట్టి ఇంకో పుస్తకం తీసుకునే సమయం. కొట్టడం తక్కువే. పేర్లు పెట్టడం, బ్యాగు దాచడం, పక్కన కూర్చోనివ్వకపోవడం, తాకితే చెయ్యి తుడుచుకోవడం ఎక్కువ. అమ్మాయిల్లో ఒకరితో ఉన్నట్టుండి అందరూ కలిసి మాట్లాడటం మానేయడం. ఇవేవీ ఒంటి మీద కనిపించవు కాబట్టి పెద్దవాళ్ల కంట పడవు.

స్టాఫ్ రూమ్‌లో పెద్ద గొడవ మాత్రం వేరే విషయం మీద జరిగింది. "నిన్ను ఏ పేరుతో ఏడిపిస్తారు" అన్న దగ్గర పిల్లలు రాసిన పేర్లలో కొన్ని మాకు బాగా తెలిసినవే. ఎందుకంటే అవి మా నోటి నుంచే పుట్టాయి. ఒక సీనియర్ సార్ బోర్డు దగ్గర నిలబడి, నిదానంగా రాసే పిల్లాణ్ని "ఏరా స్లో మోషన్, అయిందా?" అనేవారు. క్లాసంతా నవ్వేది, వాడూ నవ్వేవాడు. ఆ పేరు క్లాసు దాటి బస్సెక్కింది. వాడు మెట్లెక్కుతుంటే వెనక నడిచేవాళ్లంతా కావాలని కాళ్లు ఈడుస్తూ నడవడం దాకా వచ్చింది. సార్ వాదన ఏమిటంటే, నేను ప్రేమగా అన్నాను, వాడు నవ్వాడు కూడా. నవ్వక వాడేం చేస్తాడు? టీచర్ అన్నాక, నలభై మంది నవ్వుతున్నాక? చాలాసేపు మాటా మాటా పెరిగింది. చివరికి హెచ్.ఎం. మేడమ్ ఒక్కటే నియమం పెట్టారు. రిజిస్టర్‌లో ఉన్న పేరు తప్ప ఇంకే పేరూ ఏ టీచర్ నోటా వినిపించకూడదు.

ఆ సార్ మీద నాకు గౌరవం పెరిగింది మరుసటి వారం. ఆయన క్లాసులో నిలబడి, "ఆ పేరు పెట్టింది నేను. ఇవాళ నేనే తీసేస్తున్నాను. ఇకమీదట ఎవరన్నా నాకు కోపం వస్తుంది" అన్నారట. పిల్లలే వచ్చి చెప్పారు. నా దృష్టిలో ఆ ఏడాది మేం పెట్టిన పోస్టర్లన్నీ ఒక ఎత్తు, ఆ రెండు మాటలు ఒక ఎత్తు. (పోస్టర్ల గురించి అడిగితే, అవి గోడకి అందం తప్ప ఇంకేం కాదు. పోటీలు పెట్టి బహుమతులిచ్చాం. బహుమతి వచ్చిన పోస్టర్ గీసిన అమ్మాయే, పక్క బెంచీ అమ్మాయితో మాట్లాడొద్దని క్లాసుకి హుకుం జారీచేసిన నాయకురాలు.)

చోట్లు తెలిశాక పని తేలికైంది. డ్యూటీలు మార్చాం. గ్రౌండ్ మధ్యలో నిలబడే టీచర్ని కుళాయిల దగ్గర నిలబెట్టాం. బెల్లు కాకముందే తర్వాతి క్లాసు గుమ్మం దగ్గర ఉండాలన్నది కష్టమైనా అలవాటైంది. ఆయాని, బస్సు అటెండర్ని కూడా మీటింగ్‌కి పిలిచాం. మాకెవరికీ తెలియని విషయాలు వాళ్లకు తెలుసు. ఏ పిల్లాడు ఇంటర్వెల్ అయ్యాక, అందరూ వెళ్లిపోయాక ఒక్కడే బాత్రూమ్‌కి వస్తాడో ఆయమ్మ వేళ్ల మీద చెప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "నన్నెవరడిగారు టీచర్?" అంది.

పి.ఇ.టి. సార్ తనంతట తానే ఇంకో మార్పు చేశారు. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కర్నీ ఎంచుకునే పద్ధతిలో చివరికి మిగిలేది ఎప్పుడూ ఆ నలుగురే. "వీణ్ని నువ్వే తీసుకో, మాకొద్దు" అని వాళ్ల ముందే బేరాలు. ఆయన అది ఆపేసి, వరసగా ఒకటి, రెండు అని చెప్పించి జట్లు విడగొట్టారు. నేనూ క్లాసులో గ్రూపులు నేనే వేయడం మొదలుపెట్టాను. "మీ ఇష్టం వచ్చిన గ్రూపుల్లో కూర్చోండి" అన్న మాట కొందరు పిల్లలకు ఎంత టెన్షనో వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది.

ఇక మాట్లాడటం. ఆ ఏడో తరగతి అబ్బాయి విషయంతోనే మొదలుపెట్టాం. ముందు అతనితో. ఏం జరిగింది, ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఊరుకున్నారు, క్లాసులో కాస్త నయంగా ఉండేది ఎవరు అని అడిగాను. నీ పేరు చెప్పకుండానే మాట్లాడతాను, ఎప్పుడు ఎవరితో మాట్లాడతానో నీకు ముందే చెబుతాను అన్నాను. తనకు తెలియకుండా ఏదీ జరగదన్న నమ్మకం అతనికి అన్నిటికన్నా ముఖ్యమని నాకనిపించింది.

తర్వాత ఏడిపించేవాళ్లను ఒక్కొక్కర్నే, వేర్వేరుగా, వెంటవెంటనే పిలిచాం. మధ్యలో ఒకరినొకరు కలుసుకుని మాటలు కూడబలుక్కునే వీలు లేకుండా. స్వీడన్‌కి చెందిన అనటోల్ పికాస్ అనే ఆయన పద్ధతిలో నిందతో మొదలుపెట్టరు. ఫలానా పిల్లాడు కష్టంలో ఉన్నాడు, నువ్వేం గమనించావు అని మొదలుపెడతారు. నేను అదే పాటించాను. పొడుగ్గా, క్లాసంతా మాట వినే ఒక కుర్రాడు కుర్చీ అంచున కూర్చుంటూనే "నేనేం చేయలేదు మేడమ్" అన్నాడు.

"చేశావని నేననలేదు నాన్నా. వాడు కొన్నాళ్లుగా ఇంటర్వెల్‌కి బయటికి రావడం లేదు. నువ్వేమైనా గమనించావా?"

చాలాసేపు బూటు లేసు వంక చూశాడు. "అందరూ అంటారు మేడమ్. నేనొక్కణ్నే కాదు."

"అందరూ అంటే వాడికి ఇంకా కష్టమే కదా?"

"...ఆఁ."

"దీనికి నువ్వేం చేయగలవు?"

"బ్యాగు దాచను."

"సరే. ఇంకా?"

ఇంకా ఏమీ లేదన్నట్టు భుజాలెగరేశాడు. నేనూ మాట్లాడకుండా కూర్చున్నాను. ఇలాంటప్పుడు టీచర్లకు మౌనంగా ఉండటం రాదు, నీతిబోధ తన్నుకొస్తుంది. కాసేపటికి వాడే, "బస్సులో నా ముందు సీటు ఖాళీ పెట్టిస్తా. వాణ్ని ఏం అనొద్దని వాళ్లకు చెప్తా" అన్నాడు. వచ్చే వారం మళ్లీ వచ్చి ఎలా ఉందో చెప్పు అని పంపించాను. వచ్చాడు కూడా. వాడిలో పశ్చాత్తాపం పొంగిందని నేను చెప్పను. వాడి మాట చెల్లుతుంది, ఆ చెల్లుబాటుకు వేరే వాడకం దొరికింది, అంతే. కొందరు పిల్లలతో మెత్తగా మాట్లాడితే సరిపోదు. అప్పుడు "ఇది నువ్వు చేస్తున్నావని తెలుసు, ఇవాళ్టితో ఆగాలి" అని సూటిగానే చెప్పాం. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం స్కూళ్లలో వేధింపులు ఆపడానికి తయారుచేసిన కివా కార్యక్రమంలో ఈ రెండు దారులూ ఉన్నాయి.

కివా నుంచి మేం తీసుకున్నదల్లా చూసేవాళ్ల గురించిన ఆలోచన. దాని వెనకున్న క్రిస్టినా సల్మివల్లి, సహ పరిశోధకులు 1996లో ఒక విషయం చూపించారు. ఏడిపించేవాడు, ఏడ్చేవాడు అని ఇద్దరే ఉండరు. చేయి కలిపేవాళ్లు, నవ్వి ఉసిగొల్పేవాళ్లు, తనకెందుకని తప్పుకునేవాళ్లు, అడ్డుపడేవాళ్లు ఇలా క్లాసులో చాలామందికి ఒక్కో పాత్ర ఉంటుంది. మా సర్వే కూడా అదే చెప్పింది. "చూసినప్పుడు ఏం చేశావు" అన్నదానికి అత్యధికులు "ఏమీ చేయలేదు" అని టిక్కు పెట్టారు. కారణం అడిగిన చోట "నన్నూ అంటారు", "చాడీలు చెబుతానంటారు" అని రాశారు. నచ్చి ఊరుకున్నవాళ్లు తక్కువ, భయపడి ఊరుకున్నవాళ్లు ఎక్కువ. కానీ ఏడిపించేవాడి కంటికి ఆ మౌనం మద్దతులాగే కనిపిస్తుంది.

కెనడాలో ఆటస్థలాల్లో వీడియో తీసి చేసిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. తోటి పిల్లలు అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో 10 సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. అయితే అడ్డుపడింది 19 శాతం సందర్భాల్లోనే. క్లాసుల్లో ఈ అంకెలు చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేదు. పది సెకన్లా అని ఒకడు వాచీ చూసి లెక్కపెట్టాడు. లెక్కపెడితే తెలుస్తుంది, అది ఎంత చిన్న పనో.

వీరుల్లా ఎదురెళ్లమని మేం ఎవరికీ చెప్పలేదు. అలా చెప్పడం ప్రమాదం కూడా. నవ్వకు. చుట్టూ మూగిన గుంపులోంచి పక్కకు జరుగు. వీలైతే "రా, మనం వెళ్దాం" అని వాణ్ని నీతో తీసుకెళ్లు. అదీ కాకపోతే తర్వాత వెళ్లి పక్కన కూర్చో, ఒక పెద్దవాళ్లకు చెప్పు. వీటిని క్లాసులో ఆడించి చూశాం. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. నిజంగా బాధపడుతున్న పిల్లాడికి ఆ పాత్ర ఇవ్వకూడదు, నిజంగా ఏడిపించేవాడికి ఆ పాత్ర అస్సలు ఇవ్వకూడదు, వాడు నవ్వులు పండించి హీరో అయిపోతాడు. మేం గుంపు పాత్రలే ఆడించాం. నిలబడి చూసేవాళ్లలో ఒకడు కదిలితే మిగతావాళ్లు ఎలా కదులుతారో పిల్లలకే కనిపించింది. "రా, మనం వెళ్దాం" అన్న మాట తర్వాత మెట్ల దగ్గర నా చెవిన పడింది, నాటకంలో చెప్పినంత గంభీరంగా కాదు, "ఒరేయ్ రారా, బెల్లయింది" అని.

తల్లిదండ్రులతో మాట్లాడటం పిల్లలతోకన్నా కష్టం. ఒక నాన్నగారు "మా వాడు అలాంటివాడు కాదు, ఎవరో ఇరికించారు" అని లేచి నిలబడ్డారు. ఇంకొకాయన దానికి పూర్తి విరుద్ధం, "ఇంటికి రానివ్వండి, వీపు చీరేస్తా" అన్నారు. ఆయన్ని ఆపడానికే ఎక్కువ సమయం పట్టింది. బలం ఉన్నవాడు లేనివాణ్ని కొట్టొచ్చని ఆ రాత్రి ఇంట్లో ఇంకో పాఠం అవుతుంది కదండీ అంటే కూర్చున్నారు. బాధపడే పిల్లల ఇళ్లలోనేమో "నువ్వూ తిరిగి కొట్టు" అన్న సలహా. కొట్టగలిగితే వాడికి ఈ బాధే ఉండదు. ఏడిపించబడుతూ, తనకన్నా చిన్నవాళ్లను ఏడిపించే పిల్లలు కూడా ఉంటారు. అందరికన్నా నలిగిపోయేది వీళ్లే, అందరికన్నా తక్కువ జాలి దొరికేదీ వీళ్లకే.

ఫోన్ల విషయం ఇంకా మా చేతికి పూర్తిగా రాలేదు. కుళాయిల దగ్గర కాపలా పెరగగానే కొంత వేధింపు వాట్సాప్ గ్రూపుల్లోకి మారింది. రాత్రి ఇంట్లో జరిగింది స్కూల్‌కి సంబంధం లేదని కొందరు టీచర్లు అన్నారు. పొద్దున్నే ఆ ఇద్దరూ పక్కపక్క బెంచీల్లో కూర్చునేది ఇక్కడే కాబట్టి సంబంధం ఉందని తేల్చాం. తల్లిదండ్రులకు మూడు మాటలు చెప్పాం. జవాబివ్వనివ్వకండి, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి, దాన్ని ఇంకెవరికీ పంపకండి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, చెప్పినందుకు పిల్లల ఫోన్ లాక్కోకండి. లాక్కుంటారన్న భయంతోనే చాలామంది చెప్పరు. ఇలా గ్రూపులోంచి తీసేసి ఒంటరిని చేసిన ఒక అమ్మాయి విషయంలో, మేం ఎంత తిరిగినా ఆ క్లాసులో ఆమెకు మళ్లీ స్నేహాలు కుదరలేదు. తల్లిదండ్రులు టి.సి. తీసుకున్నారు. వద్దని ఆపడానికి మా దగ్గర మాటల్లేవు.

ఏడాది తర్వాత అదే నెలల్లో, అవే ప్రశ్నలతో సర్వే మళ్లీ చేశాం. ఈలోపు నేరుగా వచ్చి చెప్పేవాళ్ల సంఖ్య పెరగడంతో "కమిటీ పెట్టాక గొడవలు ఎక్కువయ్యాయి" అన్న మాట స్టాఫ్ రూమ్‌లో తిరిగింది. చెప్పడం పెరగడం వేరు, జరగడం పెరగడం వేరు. పేరు లేని సర్వే ఉన్నది ఆ తేడా పట్టుకోవడానికే. అందులో జరిగేది కొంత తగ్గింది, "టీచర్‌కి చెబితే ప్రయోజనం ఉంది" అన్నవాళ్లు పెరిగారు. పూర్తిగా పోలేదా అని హెచ్.ఎం. మేడమ్ కొంచెం నిరాశగా అడిగారు. 2011లో టోఫి, ఫారింగ్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 44 కార్యక్రమాల ఫలితాలను కలిపి చూస్తే ఏడిపించడం సగటున 20 నుంచి 23 శాతం తగ్గింది. పెద్దల కాపలా గట్టిగా ఉన్నచోట, తల్లిదండ్రుల సమావేశాలు పెట్టినచోట, ఎక్కువ కాలం కొనసాగించినచోట ఫలితం మెరుగ్గా ఉంది. ఆ లెక్కన మేం చేసింది చిన్నదేం కాదని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారో లేదో గానీ మరుసటి ఏడాదికి కూడా డ్యూటీ చార్టు మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు ఐదో తరగతికి కూడా సర్వే ఇస్తున్నాం. చిన్నపిల్లలు కాబట్టి ప్రశ్నలు ఒక్కొక్కటీ పైకి చదవాలి, రెండు నెలలు అంటే వాళ్లకు తెలియదు కాబట్టి "పోయిన సెలవుల తర్వాత" అని మార్చాం. బస్సు మీద ప్రశ్నలు పెంచాం. కొత్త ల్యాబ్ కట్టాక దాని వెనక ఒక సందు ఏర్పడింది, అక్కడికి ఇంకా ఎవరి డ్యూటీ పడలేదు. పి.ఇ.టి. సార్‌ని అడిగి చూస్తున్నాం.